మెడికల్ బిల్లింగ్ ఉద్యోగం: జీతం ఎంత అనే ముందు ప్రాసెస్ ఏది అని అడగండి

జీవశాస్త్ర విభాగాల డిగ్రీ విద్యార్థుల కోసం ఏర్పాటైన ఉద్యోగ అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ చదివిన మన పిల్లల్లో ఎందరో చదువు పూర్తయిన ఏడాదిలోపే హైదరాబాదు చేరి, ఏదో ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీలో ఇంటర్వ్యూకు కూర్చుంటున్నారు. ఇంట్లో అడిగితే కొందరు ‘అమెరికా ఆసుపత్రి పని’ అంటారు, కొందరు ‘కాల్ సెంటర్ లాంటిది’ అంటారు, ఇంకొందరు ‘కంప్యూటర్ ఉద్యోగం’ అని సరిపెడతారు. అందులో చేసేదేమిటి, చేతికి ఎంత వస్తుంది, అయిదేళ్లకు ఎక్కడ ఉంటాం అన్న మూడు ప్రశ్నలకూ నేరుగా జవాబు చెప్పేవారు తక్కువ. నేను ఈ రంగంలో కాలర్‌గా, అంటే ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోను చేసే ఉద్యోగిగా మొదలుపెట్టి, తరవాత డినయల్స్, అంటే ఆ కంపెనీలు తిరస్కరించిన క్లెయిములు చూసి, ఇప్పుడు కొత్తగా చేరేవారికి శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి, నాకు తెలిసినంత వరకు ఆ మూడింటి గురించే మాట్లాడతాను.

ముందుగా ఈ పని అసలు ఎందుకు పుట్టిందో చూద్దాం. అమెరికాలో రోగి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, చాలా సందర్భాల్లో కౌంటరు దగ్గర చిన్న మొత్తం మాత్రమే చెల్లిస్తాడు. దాన్ని కోపే అంటారు. మిగిలిన డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి రావాలి. అక్కడ ఇన్సూరెన్స్ ఒక్కటి కాదు. 65 ఏళ్లు దాటినవారికి 1965లో చట్టమై వచ్చిన మెడికేర్, తక్కువ ఆదాయం ఉన్నవారికి రాష్ట్రాల ద్వారా నడిచే మెడికెయిడ్, ఉద్యోగుల కోసం యజమానులు కొనే ప్రైవేటు పాలసీలు, వీటిలో ఒక్కోదానికి ఒక్కో నిబంధన, ఒక్కో గడువు ఉంటాయి. డాక్టరు చేసిన వైద్యాన్ని ఈ కంపెనీలన్నిటికీ అర్థమయ్యే కోడ్లుగా మార్చి, క్లెయిమ్ పంపి, వచ్చిన డబ్బు లెక్క చూసి, రాని డబ్బు కోసం వెంటపడి వసూలు చేసే పని మొత్తాన్ని రెవెన్యూ సైకిల్ అంటారు. ఈ పనిలో పెద్ద భాగం ఇప్పుడు చెన్నై, హైదరాబాద్, బెంగళూరు, కోయంబత్తూరు వంటి ఊళ్లలో జరుగుతోంది.

ఈ సైకిల్లో పని అంచెలంచెలుగా విడిపోయి ఉంటుంది. రోగి రాకముందే అతని పాలసీ నడుస్తోందో లేదో చూడడం ఎలిజిబిలిటీ. కొన్ని పరీక్షలకు, ఆపరేషన్లకు ముందుగా కంపెనీ అనుమతి తీసుకోవడం ఆథరైజేషన్. డాక్టరు రాసిన నోట్సు చదివి, జబ్బుకు ఐసీడీ కోడ్, చేసిన వైద్యానికి సీపీటీ కోడ్ వేయడం కోడింగ్. ఆ వివరాలను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం ఛార్జ్ ఎంట్రీ. క్లెయిమ్ క్లియరింగ్ హౌస్ గుండా, అంటే క్లెయిములను సరిచూసి అందజేసే మధ్యవర్తి సంస్థ గుండా, ఇన్సూరెన్స్ కంపెనీకి చేరుతుంది. కంపెనీ తీర్పు చెప్పి డబ్బు పంపితే, ఎంత ఇచ్చింది, ఎంత కోసింది అన్నది లెక్కలో వేయడం పేమెంట్ పోస్టింగ్. ఇవ్వకపోతే, ఎందుకు ఇవ్వలేదో కనుక్కొని మళ్లీ రాబట్టడం అకౌంట్స్ రిసీవబుల్, మన వాళ్లు వాడే మాటలో ఏఆర్. మీకు ఆఫర్ లెటర్ ఇచ్చేటప్పుడు అన్నిటినీ కలిపి ‘హెల్త్‌కేర్ అసోసియేట్’ వంటి ఒకే పేరు పెట్టవచ్చు. చేసే పని వేరు, దాని విలువ వేరు, పెరిగే జీతమూ వేరు. అందుకే ఇంటర్వ్యూలో జీతం ఎంత అనే ముందు ఏ ప్రాసెస్, అంటే వీటిలో ఏ అంచె పని ఇస్తున్నారు అని అడగమని మా దగ్గరకు వచ్చే పిల్లలకు చెబుతుంటాను.

ఆ తేడా ఎక్కడుందో ఒక్క క్లెయిమ్ తీసుకొని చూపిస్తాను. మాటల్లో చెబితే అన్ని ప్రాసెస్‌లూ ఒకలాగే వినిపిస్తాయి.

షుగరు వ్యాధి ఉన్న ఒక పెద్దాయన తన డాక్టరు దగ్గరకు మామూలుగా చూపించుకోవడానికి వెళ్లాడు అనుకుందాం. షుగరు అదుపులో లేదని గమనించిన డాక్టరు మందు మోతాదు పెంచాడు. అదే రోజు ఆయన చేతి మీదున్న పులిపిర్లను కూడా చూసి, వాటిని గడ్డకట్టించి తీసేశాడు. షుగరు చూసి మందు మార్చిన సంప్రదింపుకు 99214 అన్న సీపీటీ కోడ్ వేస్తారు. పులిపిర్లు తీసినందుకు 17110 వేస్తారు. షుగరు ఎక్కువగా ఉన్న టైప్ 2 డయాబెటిస్‌కు ఈ11.65, పులిపిరికి బి07 వర్గంలోని కోడ్ వేస్తారు. క్లెయిమ్ వెళ్లింది. ఇన్సూరెన్స్ కంపెనీ 17110కి డబ్బు ఇచ్చింది. 99214కు మాత్రం సున్నా ఇచ్చి, పక్కన సీఓ 97 అని రాసింది. ఈ సేవ ఖరీదు అదే రోజు చేసిన మరో సేవలో కలిసిపోయింది, విడిగా ఇవ్వం అని దాని భావం.

ఇప్పుడు ఈ క్లెయిమ్ ఎవరి చేతికి వస్తే ఏం జరుగుతుందో చూడండి. పేమెంట్ పోస్టింగ్ చేసే వ్యక్తి సున్నా అని నమోదు చేసి ముందుకు వెళతాడు. అతని పని అంతవరకే. ఏఆర్‌లో కొత్తగా చేరిన కాలర్ కంపెనీకి ఫోను చేస్తాడు. అరగంట హోల్డులో ఉన్న తరవాత అవతలి ప్రతినిధి, తెర మీద కనిపిస్తున్న మాటనే చదివి వినిపిస్తాడు. కాలర్ ఆ మాటను నోట్సులో రాసి, కాల్ రిఫరెన్స్ నంబరు వేసి, తరవాతి క్లెయిమ్‌కు వెళతాడు. అతని లెక్కలో ఒక కాల్ పూర్తయింది, డాక్టరు లెక్కలో మాత్రం ఒక్క డాలరు కూడా కదలలేదు. ఇదే క్లెయిమ్ అనుభవం ఉన్న డినయల్ అనలిస్టు దగ్గరకు వస్తే, అతను ఫోను తీయడు. ముందు డాక్టరు నోట్సు తెరుస్తాడు. షుగరుకు సంబంధించిన పరిశీలన, మందు మార్పు, పులిపిర్లతో సంబంధం లేకుండా విడిగా రాసి ఉందా అని చూస్తాడు. ఉంటే, 99214 పక్కన 25 అన్న మాడిఫయర్, అంటే కోడ్‌కు తగిలించే అదనపు గుర్తు, పెట్టాల్సింది పెట్టలేదని అర్థమవుతుంది. ఒకే రోజు చిన్న ప్రొసీజర్‌తో పాటు దానికి వేరుగా నిలబడే సంప్రదింపు కూడా జరిగిందని చెప్పడానికే ఆ మాడిఫయర్ ఉంది. కోడర్‌తో మాట్లాడి దాన్ని సరిచేయించి, సీఎంఎస్ 1500 అనే క్లెయిమ్ ఫారంలో 22వ గడిలో 7 అని వేసి, పాత క్లెయిమ్ నంబరు పక్కనే రాసి, సవరించిన క్లెయిమ్‌గా ఆ కంపెనీకి మళ్లీ పంపుతాడు. డబ్బు వస్తుంది.

నోట్సులో అలా విడిగా రాసి లేకపోతే 25 పెట్టకూడదు. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. ఏదో విధంగా డబ్బు రావాలి కదా అని ఆధారం లేని మాడిఫయర్ తగిలించడం మోసం కిందకు వస్తుంది. మెడికేర్ వంటి ప్రభుత్వ పథకాల విషయంలో 1863 నాటి ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం ప్రకారం నష్టానికి మూడింతలు కట్టాల్సి రావచ్చు. టార్గెట్ ఒత్తిడిలో టీమ్ లీడ్ ఎవరైనా ‘అన్నిటికీ 25 కొట్టేయండి’ అని చాట్‌లో పంపితే, ఆ మాట పాటించకుండా మీ క్వాలిటీ విభాగానికి మెయిల్ రాయండి.

నేను చెప్పదలచుకున్న తేడా ఇదే. ఒకే క్లెయిమ్ మీద ముగ్గురు పనిచేశారు, ముగ్గురికీ ఒకే తెర, ఒకే కుర్చీ. కానీ డబ్బు నిరాకరించిన కారణాన్ని చదవగలిగిన మూడో మనిషికే జీతం పెరుగుతుంది. డినయల్ కారణాలకు అమెరికా అంతటా ఒకే జాబితా ఉంది. పాలసీ ముగిసిన తరవాత వైద్యం చేశారంటే 27, గడువు దాటాక క్లెయిమ్ పంపారంటే 29, జబ్బుకూ వైద్యానికీ పొత్తు కుదరలేదంటే 11, వైద్యపరంగా అవసరం కనిపించలేదంటే 50, ముందస్తు అనుమతి లేదంటే 197. ఇవి బట్టీ పట్టేవి కావు, చేస్తూ ఉంటే వచ్చేవి. ప్రతి నంబరు వెనుకా చేయాల్సిన పని వేరుగా ఉంటుంది. గడువు దాటిందన్న 29 వచ్చిందనుకోండి, మెడికేర్ అయితే వైద్యం చేసిన రోజు నుంచి ఒక ఏడాది, ప్రైవేటు కంపెనీల్లో చాలావాటికి 90 నుంచి 180 రోజులు గడువు ఉంటుంది. మనం నిజంగానే సమయానికి పంపి ఉంటే, క్లియరింగ్ హౌస్ నుంచి క్లెయిమ్ స్వీకరించినట్టు వచ్చిన రిపోర్టు తీసి అప్పీలుకు జతచేయాలి. కొత్తవారు చాలాసార్లు ఆ రిపోర్టు ఉంటుందని కూడా తెలియక క్లెయిమ్‌ను రైట్ ఆఫ్‌కు, అంటే ఇక రాని డబ్బు కింద కొట్టేయడానికి పంపిస్తారు. దీనికి వారిని నిందించి లాభం లేదు, వారం రోజుల శిక్షణలో ఆ సంగతి వారికి ఎవరూ చెప్పి ఉండరు.

ఇక జీతాల సంగతి. ఇక్కడ నేను చెప్పే అంకెలు హైదరాబాదులో నేను చూస్తున్నవి. కంపెనీని బట్టి, ఇంగ్లీషు మాట్లాడే తీరును బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి. ఛార్జ్ ఎంట్రీ, పేమెంట్ పోస్టింగ్‌లో కొత్తగా చేరేవారికి నెలకు 13 నుంచి 18 వేల వరకు, ఏఆర్ కాలర్‌గా చేరేవారికి 16 నుంచి 25 వేల వరకు ఇస్తారు. సర్టిఫికేషన్ లేని కొత్త కోడర్‌కు కూడా దాదాపు ఇంతే. రెండు మూడేళ్లు గడిచాక తేడా మొదలవుతుంది. సీపీసీ అనే కోడర్ల సర్టిఫికేషన్ పరీక్ష పాసై, ఒక స్పెషాలిటీలో చేయి తిరిగిన కోడర్‌కు 30 నుంచి 45 వేలు, డినయల్స్, అప్పీళ్లు చూడగలిగిన ఏఆర్ అనలిస్టుకు 35 నుంచి 50 వేలు వస్తాయి. ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నవారి కేసుల్ని డీఆర్‌జీ పద్ధతిలో కోడ్ చేయగలిగినవారు, అంటే ఒకే రకం కేసులను ఒక గుంపుగా చేర్చి గుంపుకు ఇంత అని ధర కట్టే, 1983లో మెడికేర్ మొదలుపెట్టిన పద్ధతిలో లోతు ఉన్నవారు, అయిదారేళ్లకు 60, 80 వేలు దాటుతారు. అదే అయిదేళ్లు పేమెంట్ పోస్టింగ్‌లోనే గడిపినవారు 25 వేల దగ్గర ఆగిపోవడం నేను చూశాను. వారు తక్కువ కష్టపడ్డారని కాదు, ఆ ప్రాసెస్‌కు కంపెనీ ఇచ్చే గరిష్ఠం అంతే.

ఆఫర్ లెటర్‌లో రాసే అంకె, మీ బ్యాంకు ఖాతాలో పడే అంకె ఒకటి కావు. ఒక కొత్త ఉద్యోగి లెక్క నెమ్మదిగా చూద్దాం, రాసుకుంటే మంచిది. మూల వేతనం 12,000, ఇంటి అద్దె భత్యం, రాత్రి షిఫ్ట్ భత్యం వగైరా 7,000, మొత్తం గ్రాస్ 19,000 అనుకుందాం. మీ వాటా పీఎఫ్ మూల వేతనంలో 12 శాతం, అంటే 1,440 పోతుంది. గ్రాస్ 21,000 దాటలేదు కాబట్టి ఈఎస్ఐ వర్తిస్తుంది, 0.75 శాతం చొప్పున 143 పోతుంది. 15 నుంచి 20 వేల మధ్య జీతానికి వృత్తి పన్ను 150. చేతికి వచ్చేది 17,267. మరి లెటర్‌లో సంవత్సరానికి 2 లక్షల 60 వేలు అని ఎందుకు ఉంది? కంపెనీ కట్టే పీఎఫ్ 1,440, కంపెనీ కట్టే ఈఎస్ఐ 618, గ్రాట్యుటీ కింద వేసుకునే 577 కూడా మీ గ్రాస్‌కు కలిపి, పన్నెండుతో గుణిస్తే దాదాపు అంత అవుతుంది. గ్రాట్యుటీ మీకు అందాలంటే మామూలుగా అయిదేళ్లు అక్కడే పనిచేయాలి. ఇందులో కంపెనీ మోసం ఏమీ లేదు, సీటీసీ అంటేనే మీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. కానీ ఇంట్లో నాన్నగారికి ‘నెలకు 21,600’ అని చెప్పి చేరిన పిల్లవాడికి మొదటి జీతం రోజున సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. కొన్ని కంపెనీలు క్యాబ్ ఖర్చు, భోజనం ఖర్చు కూడా ఇందులోంచే మినహాయిస్తాయి. చేరకముందే అడగండి. అమీర్‌పేటలోనో, కూకట్‌పల్లిలోనో హాస్టలు అద్దె, భోజనం పోను మిగిలేది ఎంతో వేసుకొని చూస్తే, మొదటి ఏడాది ఈ ఉద్యోగం ఇంటికి డబ్బు పంపే ఉద్యోగం కాదని మీకే తెలుస్తుంది.

ఇన్సెంటివ్ సంగతి కూడా చెప్పాలి. చాలా కంపెనీల్లో ప్రొడక్షన్, క్వాలిటీ రెండూ నిర్ణీత స్థాయి దాటితేనే ఇన్సెంటివ్ ఇస్తారు. క్వాలిటీ 95 శాతం ఉండాలన్న చోట ప్రొడక్షన్ రెట్టింపు చేసినా, ఆడిట్‌లో రెండు తప్పులు దొరికితే ఆ నెల మొత్తం సున్నా కావచ్చు. ఇంటర్వ్యూలో హెచ్ఆర్ చెప్పే ‘ఇన్సెంటివ్‌తో కలిపి 30 వేలు’ అన్న మాటను జీతంగా లెక్కించవద్దు.

మరి అమెరికాలో ఇదే పని చేసేవారికి ఎంత వస్తుంది? అక్కడి కార్మిక గణాంకాల సంస్థ, మెడికల్ రికార్డ్స్ స్పెషలిస్టులు అన్న వర్గానికి 2024 మే నెల లెక్కల్లో మధ్యస్థ వార్షిక వేతనం 50,250 డాలర్లు అని చెప్పింది. గంటకు చూస్తే 24 డాలర్లు. అక్కడ ఇది గొప్ప జీతమేమీ కాదు, నర్సు జీతం కంటే చాలా తక్కువ. దీన్ని రూపాయల్లోకి మార్చి మన జీతంతో పోల్చి బాధపడేవారు ఉన్నారు. ఆ పోలికలో తేల్చుకోవాల్సిన విషయం ఒక్కటే. ఆ తేడా ఉంది కాబట్టే ఆ పని మన దగ్గరకు వచ్చింది. కొన్ని కాంట్రాక్టుల్లో అమెరికా డాక్టర్లు మన కంపెనీకి పనిచేసే మనిషి తలకు ఇంత అని, కొన్నింటిలో వసూలైన డబ్బులో ఇంత శాతం అని ఇస్తారు. తలకు ఇంత అన్న చోట మీరు ఎంత తెలివిగా పనిచేసినా మీ కంపెనీకి వచ్చేది మారదు, కాబట్టి మీ హైక్ కూడా నెమ్మదిగానే ఉంటుంది. వసూళ్లలో శాతం అన్న చోట డినయల్స్ రాబట్టేవారికి విలువ వెంటనే కనిపిస్తుంది. మీ ప్రాజెక్టు ఏ రకమో మీ మేనేజరుకు తెలుసు. అడిగితే చాలాసార్లు చెబుతారు కూడా.

ఈ ఉద్యోగం ద్వారా అమెరికా వెళ్లవచ్చని కొన్ని శిక్షణ సంస్థలు ఆశ పెడతాయి. హెచ్1బి వీసా కావాలంటే ఆ ఉద్యోగానికి ఒక ప్రత్యేక విభాగంలో డిగ్రీ తప్పనిసరిగా అవసరమై ఉండాలి. బిల్లింగ్, కోడింగ్ ఉద్యోగాలకు అమెరికాలోనే డిగ్రీ అవసరం లేదు, సర్టిఫికెట్ కోర్సు చాలు. కాబట్టి ఆ దారి దాదాపు మూసుకునే ఉంది. పెళ్లయి భర్తతో వెళ్లిన మన అమ్మాయిలు కొందరు అక్కడ కోడింగ్ చేస్తున్న మాట నిజమే. 2015 నుంచి హెచ్1బి వారి జీవిత భాగస్వాములకు ఇచ్చే హెచ్4 వీసాదారుల్లో కొన్ని వర్గాలకు పని అనుమతి ఇస్తున్నారు కాబట్టి అది వీలైంది. అనుమతి పత్రం చేతిలో లేకుండా ఇంట్లో కూర్చునైనా ఈ పని చేయకూడదు.

పని పరిస్థితులు జీతంలో భాగమే అని నేను అనుకుంటాను. కాలర్లకు రాత్రి షిఫ్ట్ తప్పదు. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 8 గంటలంటే వేసవిలో మనకు సాయంత్రం 5:30, శీతాకాలంలో 6:30. మార్చిలోనూ నవంబరులోనూ అక్కడ గడియారం మార్చినప్పుడు మన క్యాబ్ వేళ కూడా మారుతుంది, ఆ వారం ఎవరో ఒకరు క్యాబ్ తప్పిపోవడం మామూలే. కోడర్లకు, పోస్టింగ్ వారికి ఫోను మాట్లాడే పని లేదు కాబట్టి చాలాచోట్ల పగటి షిఫ్టే ఉంటుంది. ఆరోగ్యం, ఇంటి పరిస్థితి చూసుకొని కొందరు తక్కువ జీతానికైనా కోడింగ్ వైపు వెళ్లడం తెలివైన నిర్ణయమే. ఫ్లోరులోకి ఫోను, పెన్ను, కాగితం తీసుకెళ్లనివ్వరు. రోగుల వివరాల గోప్యత కోసం 1996లో వచ్చిన హిపా చట్టం వల్ల ఇంత కట్టుదిట్టం. రోగి పేరు, పుట్టిన తేదీ ఉన్న తెరను సరదాకు ఫొటో తీసి స్నేహితుడికి పంపినందుకు ఉద్యోగం పోయినవారు ఉన్నారు. ఇది మందలింపుతో పోయే తప్పు కాదు.

సర్టిఫికేషన్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కోడింగ్‌లో ఎక్కువగా అడిగేది ఏఏపీసీ అనే అమెరికా కోడర్ల సంస్థ వారి సీపీసీ. నాలుగు గంటల్లో 100 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్, పరీక్షలో కోడ్ పుస్తకాలు చూసుకోవచ్చు. పుస్తకం చూడవచ్చు కదా అని తేలికగా తీసుకున్నవారే ఎక్కువగా తప్పుతారు, పుస్తకంలో వెతికే వేగమే అసలు పరీక్ష. అనుభవం లేకుండా పాసైతే పేరు చివర ‘ఏ’ అని అప్రెంటిస్ గుర్తు ఉంటుంది, అనుభవం చూపించాక అది తీసేస్తారు. బిల్లింగ్ వైపు అదే సంస్థ సీపీబీ పరీక్ష నిర్వహిస్తుంది, మన దగ్గర దానికి గిరాకీ తక్కువ. నా అభిప్రాయం ఏమిటంటే, ఉద్యోగం లేకుండా ఇంటి దగ్గర కూర్చొని అప్పు చేసి సీపీసీ రాయడం కంటే, ఏదో ఒక ప్రాసెస్‌లో చేరి ఏడాది పనిచేసి రాయడం మంచిది. కొన్ని కంపెనీలు ఆ ఫీజు తిరిగి ఇస్తాయి. కోడ్లు ఏటా మారతాయి, జబ్బుల కోడ్లు అక్టోబరు 1న, వైద్య సేవల కోడ్లు జనవరి 1న మారతాయి. పాత పుస్తకంతో చదివించే కోచింగ్‌లో చేరితే డబ్బూ కాలమూ పోతాయి.

యంత్రాలు ఈ ఉద్యోగాలను తినేస్తాయా అన్న ప్రశ్నకు నా జవాబు సగం అవును. డబ్బు పోస్టింగ్ చాలావరకు ఎలక్ట్రానిక్‌గానే జరుగుతోంది. క్లెయిమ్ స్థితి కనుక్కోవడానికి ఫోను చేయాల్సిన అవసరం పోర్టళ్ల వల్ల తగ్గింది. ఎక్స్‌రే వంటి రిపోర్టుల కోడింగ్‌లో సాఫ్ట్‌వేర్ చొరబడింది. కాబట్టి కొత్తగా చేరేవారు ఛార్జ్ ఎంట్రీలోనో, పోస్టింగ్‌లోనో ఏడాదికి మించి ఉండకూడదని నా సలహా. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా యంత్రాలతోనే క్లెయిములు తిరస్కరిస్తున్నాయి. అటువైపు తిరస్కరణలు పెరిగిన కొద్దీ, ఇటువైపు డాక్టరు నోట్సు చదివి వాదించగలిగిన మనిషికి పని పెరుగుతోంది. బయాలజీ, ఫార్మసీ చదివిన మీకు అక్కడ నిజమైన మేలు ఉంది. ఒక మందు ఏ జబ్బుకు ఎందుకు ఇస్తారో తెలిసినవాడు రాసే అప్పీలు ఉత్తరం, తెలియనివాడు రాసేదాని కంటే ఎంతో బలంగా ఉంటుంది.

మన దేశంలోనే ఇలాంటి పని ఉందని మరవకండి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచి మన రెండు రాష్ట్రాల్లోని ఆసుపత్రుల్లో ముందస్తు అనుమతులు, క్లెయిములు చూసే సిబ్బంది అవసరమయ్యారు. ప్రైవేటు ఇన్సూరెన్స్ వైపు, నగదు రహిత చికిత్సకు గంటలోపు అనుమతి, డిశ్చార్జి అభ్యర్థన అందిన మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో కంపెనీలను ఆదేశించింది. దాంతో ఆసుపత్రుల ఇన్సూరెన్స్ డెస్కుల మీద పని ఒత్తిడి పెరిగింది. జీతం అమెరికా ప్రాసెస్‌ల కంటే తక్కువే, కానీ పగటి పని, సొంత జిల్లా కేంద్రంలో ఉండే వీలు కొందరికి దానికంటే విలువైనవి.

చివరిగా జాగ్రత్తలు. ‘మూడు నెలల శిక్షణ, వంద శాతం ప్లేస్‌మెంట్’ అని వేలకు వేలు వసూలు చేసే సంస్థల్లో చేరేముందు, వారి దగ్గర చదివి ఉద్యోగంలో చేరిన ఇద్దరితోనైనా స్వయంగా మాట్లాడండి. ఏఆర్ కాలర్ ఉద్యోగానికి అసలు కోర్సే అవసరం లేదు, కంపెనీలే వాక్ ఇన్ పెట్టి ఎంపిక చేసి శిక్షణ ఇస్తాయి. రెండేళ్ల అనుభవం ఉన్నట్టు నకిలీ పత్రాలు తయారుచేసి ఇస్తామనేవారు ఉన్నారు. ఇప్పుడు మీ పీఎఫ్ యూఏఎన్ నంబరు తీస్తే మీరు ఏ నెల ఎక్కడ పనిచేశారో కనిపిస్తుంది, కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోవడం ఖాయం. దొరికితే ఆ ఒక్క కంపెనీతో పోదు, ఈ రంగంలో హెచ్ఆర్‌లు ఒకరికొకరు తెలిసినవారే. బాండ్ రాయమంటే ఎన్ని నెలలో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, శిక్షణ కాలానికి జీతం ఉందో లేదో చదివి సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చూసి జిరాక్సు తీసుకొని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తే సరే, తమ దగ్గర పెట్టుకుంటామంటే ఆ కంపెనీ వదులుకోండి.

కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ పని అమెరికా దాటి బయటకు వెళ్లకూడదన్న నిబంధన ఉంది, దాని వల్ల ఏ ప్రాజెక్టులు మన దగ్గర నిలకడగా ఉంటాయి, ఏవి వెనక్కి వెళ్లవచ్చు అని ఇందాక ఒక విద్యార్థి కాగితం మీద రాసి పంపారు. మంచి ప్రశ్న. దానితోనే ప్రశ్నల కార్యక్రమం మొదలుపెడదాం.